గువ్వలదిన్నె రాయి

యెమ్మిగనూరు బస్టాండు పక్కన బాడుగ బండ్లు నిలబడే కాడికి పోయి యేసేపు ఉన్నాడా అని అడగండి. ఏ యేసేపు అంటారు. అనుమానాల యేసేపు అనండి. టీ గ్లాసు దించకుండానే గడ్డంతో చూపిస్తారు. అదుగో, వేపచెట్టు కింద తెల్ల బొలెరో, వెనక అద్దం మీద ఎర్ర అక్షరాలతో 'దేవుని కృప' అని రాసి ఉంటుంది. ఆ కృప మీద కూడా ఆయప్పకు పూర్తి నమ్మకం లేదని తోటి డ్రైవర్లు నవ్వుతారు గానీ, అది అన్యాయం. దేవుడొక్కడిని వదిలేసినాడు. మిగతా లోకంలో ఎవరినీ వదల్లేదు.

డీజిలు పట్టించేటప్పుడు దిగి మీటరు ముందర నిలబడి రెప్ప వెయ్యడు. పాలామె నవ్వుతా పోస్తే ఈ పొద్దు నీళ్ళు ఎక్కువ కలిపిందంటాడు, నవ్వకుండా పోస్తే దొరికిపోతానని భయపడిందంటాడు. మరి ఆ మహాతల్లి ఎట్ల పొయ్యాలో ఆయనే చెప్పాల. ఒక ఆదివారం పాస్టరు అనుమానం మంచిది కాదని వాక్యం చెప్తే, ఇంటికొచ్చి పెండ్లాన్ని నిలదీసినాడు, నా సంగతి పాస్టరుకు ఎవరు చేరవేసినారని. ఆమె నోట్లో కొంగు కుక్కుకొని నవ్వింది. ఆ నవ్వు మీద ఇంకో వారం అనుమానం.

ఈ గుణం ఊరికే రాలేదు. చెప్తా వినండి.

యేసేపు తండ్రి పుల్లన్న కూలి మనిషి. తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి తట్టు చేలల్లో జనం నడుములు వంచి నేల చూస్తా తిరుగుతారు, వాన కడిగిన ఎర్రమట్టిలో ఏదన్నా మెరుస్తుందేమోనని. వాళ్ళు వెదికేది వజ్రాన్ని. అయితే ఆ మాట వాళ్ళ నోట రాదు. వజ్రమంటే పోలీసు చెవిన పడుతుంది, దళారి చెవిన పడుతుంది. అందుకని 'రాయి' అంటారు. మామూలు రాళ్ళకు వాళ్ళకు వేరే మాటలున్నాయి, గుండు అంటారు, బండ అంటారు. రాయి అంటే మాత్రం ఆ ఒక్కటే. రాయి దొరికిందంట అని ఎవరన్నా అంటే, ఆ తట్టు ముసలోళ్ళు కూడా తింటున్న ముద్ద వదిలి లేస్తారు.

యేసేపుకు తొమ్మిదేండ్లప్పుడు పుల్లన్నకు రాయి దొరికింది. చింతగింజంత ఉండె. మూడో రోజు తెల్లబట్టల మనిషి ఒకడు పేటలోకి వెదుక్కుంటా వచ్చినాడు. వీళ్ళ నులకమంచం మీద కూర్చున్నాడు, వీళ్ళ గ్లాసులో టీ తాగినాడు, పుల్లన్నగారూ అని పిలిచినాడు. పుల్లన్నను పుట్టినప్పటినుంచి గారూ అన్న మనిషి లేడు. ఆ ఒక్క మాటకే ఆయన కరిగిపోయినాడు. ఒక కొత్త సైకిలు, రెండు మూటల జొన్నలు, ఇంటామెకు ఒక పూలచీర, ఇవి ఇచ్చి ఆ మనిషి రాయి పట్టుకొని పోయినాడు. దాని అసలు విలువ ఎంతో మూడు నెలలకు తెలిసింది. ఆ పొద్దు నుంచి పుల్లన్న సైకిలు ఎక్కలేదు. అమ్మనూ లేదు, ఎక్కనూ లేదు. చచ్చేదాకా దాన్ని నెట్టుకుంటా నడిచినాడు.

తండ్రి వెనకాల నడిచిన పిల్లోడు ఏం నేర్చుకుంటాడు? తియ్యగా మాట్లాడేవాడు, గారూ అనేవాడు, మన గ్లాసులో టీ తాగేవాడు. ఈ మూడు గుణాలూ ఒక మనిషిలో కనబడినాయంటే వాడు దొంగే. నలభై అయిదేండ్లు వచ్చినా యేసేపు ఈ లెక్క మార్చుకోలేదు.

ఇంతా చేసి ఆయప్ప కాపాడుకోవాల్సిన ఆస్తి ఏమన్నా ఉందా అంటే, అది తనది కూడా కాదు. అక్క సుగుణమ్మది. తల్లి పోయినాక ఈ పిల్లోనికి అన్నం పెట్టి పెంచింది ఆమె. తుగ్గలి పోయే దారిలో గువ్వలదిన్నెకు ఇచ్చినారు, మొగుడు పోయి ఆరేండ్లయింది, పిల్లల్లేరు. కొండ కింద ఎకరంన్నర ఎర్రనేల ఉంది, అదే ఆమెకు కూడు, అదే ఆమెకు తోడు. ఆస్పరి తట్టు కరెంటు గాలిమరలోళ్ళు వచ్చి భూములు అడిగినప్పటినుంచి యేసేపుకు నిద్ర కరువైంది. ఎవడో ఒకడు వస్తాడు, అక్కను గారూ అంటాడు, ఆ నేల పోతుంది. ఇదీ ఆయప్ప భయం. అక్క మాత్రం, వచ్చినోడు టీ తాగి పోతాడు గానీ చేను చంకన పెట్టుకొని పోతాడా అంటుంది. ఆమె ఎవరినీ అనుమానించే మనిషి కాదు. ఇద్దరి వాటా అనుమానం కలిపి దేవుడు తమ్మునికే ఇచ్చినాడు.

మొన్న క్రిస్మస్ అయిన మరుసటి రోజు. ఇంటి ముందర కాగితం నక్షత్రం ఇంకా దించలేదు. ఫోను మోగింది.

“యేసేపుగారేనాండీ?” అన్నది ఒక ఆడమనిషి గొంతు.

యేసేపు ఫోను చెవి నుంచి తీసి ఒకసారి దానివైపు చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె పేరు శ్రీరక్ష. ఆదోని కాలేజీలో జంతువుల పాఠం చెప్తుందంట. నాలుగు రోజులు బండి కావాల, భర్త కూడా వస్తాడు, ఆదోని కొండల నుంచి మొదలుపెట్టి ఆస్పరి, ఆలూరు, తుగ్గలి దాకా దారి లేని కొండలన్నీ తిరగాల, తెల్లారేలోపల కొండ కింద ఉండాల, ఫొటోలు తియ్యాల అన్నది. పెండ్లి ఫొటోలా అని అడిగినాడు. కాదు, చలికాలం కొండలు బాగుంటాయి, కొండలవి, తోడేళ్ళవి అన్నది. తోడేళ్ళ ఫొటోలకు నాలుగు రోజుల బాడుగ! గొర్రెలోళ్ళు వింటే పడి పడి నవ్వుతారు. ఎవరికన్నా నమ్మబుద్ధి అవుతుందా, మీరే చెప్పండి. అయినా ఒప్పుకున్నాడు. తాను పోకపోతే ఇంకొకడు పోతాడు, వాడైతే కండ్లు మూసుకొని బండి తోలుతాడు, నేనైతే కండ్లు తెరుచుకొని తోలుతా అనుకున్నాడు.

మొదటి రోజు ఆదోని కొండల కింద మంచు ఇంకా విడవలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్ల నడుమ తెల్లగా పొగ మాదిరి పారుతా ఉంటే, శ్రీరక్ష భర్త ప్రాణేశ్ బండి దిగి నోరు తెరుచుకొని నిలబడినాడు. బెంగళూరులో ఉద్యోగం, మాటలు సగం కన్నడం, సగం తెలుగు. ఆ మనిషి మెడలో మూరెడు పొడుగు గొట్టం వేలాడుతా ఉంది, కెమెరా అంట. గొట్టం కంటికి పెట్టుకుంటే మైలు దూరం గుండు మీద బల్లి కూడా కనబడుతుందని మురిసిపోతా చెప్పినాడు. యేసేపుకు వీపు మీద చలి ఎక్కువైంది. మైలు దూరంలో బల్లి కనబడితే, చేలో పడి ఉన్న చింతగింజంత రాయి కనబడదా?

అప్పటినుంచి కంట్లో వత్తులేసుకొని చూసినాడు. ప్రాణేశ్ ఫొటో తీసినప్పుడల్లా చిన్న పుస్తకంలో ఏదో రాస్తాడు. సెల్లులో ఆ చోటు గుర్తు పెట్టుకుంటాడు. ఆస్పరి దాటినాక బోడిగుట్ట మీద శ్రీరక్ష వంగి నేల మీద ఏదో చూసి, పుల్లతో తిప్పి, చిన్న కవర్లో వేసి, దాని మీద తేదీ రాసింది. ఏమిటది మేడం అంటే, తోడేలు పెంట అన్నది. అది ఏం తిన్నదో చూస్తారంట. పెంటకు తేదీ రాసి దాచుకునేవాళ్ళు ఉంటారని మనకు తెలియదు కదా. ఉంటారు, జంతువుల పాఠం చెప్పేవాళ్ళు అదే చేస్తారు. యేసేపుకు ఎవరు చెప్పాల? పెంట అడుగున ఏదో ఉందని తీర్మానం చేసుకున్నాడు.

రెండో రోజు ఆలూరు దాటి కొండల్లోకి పోయినారు. పొద్దు ఇంకా పొడవలేదు, వేళ్ళు స్టీరింగుకు అంటుకొనేంత చలి. ప్రాణేశ్ చెయ్యి ఎత్తినాడు. గట్టు మీద ఎర్రబారిన ఆకాశం కింద అయిదు తోడేళ్ళు వరుసగా నడిచిపోతాండాయి. చివరిది చిన్నది, దానికి మూడు కాళ్ళే. మిగతావి కొంచెం దూరం పోయి ఆగి, అది వచ్చినాక మళ్ళీ కదులుతాండాయి. యేసేపు పుట్టినప్పటినుంచి తోడేలంటే గొర్రెలెత్తుకుపోయే దొంగ అనే విన్నాడు. అవి ఒకదానికోసం ఒకటి ఆగుతాయని ఎవరూ చెప్పలేదు. ఆ చలిలో నిలబడి, మూడు కాళ్ళది గట్టు దాటేదాకా చూసినాడు. శ్రీరక్ష కండ్లు తుడుచుకుంటా ఉంది. ఒక నిమిషం, ఒకే ఒక్క నిమిషం, వీళ్ళు నిజంగా తోడేళ్ళ కోసమే వచ్చినారేమో అనుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండు. తిరిగొస్తా ఆలూరులో బండి పక్కన నిలబడి యేసేపు ఉగ్గాని బజ్జీ తింటా ఉంటే, ప్లాస్కులో టీ ఉందా యేసేపుగారూ అని శ్రీరక్ష అడిగింది. ఉందన్నాడు. ప్లాస్కు మూతలోనే పోసుకోని తాగుతాడు ఆయప్ప. ఆమె ఆ మూతే అందుకొని, ఊదుకుంటా, చివరి చుక్క దాకా తాగింది. మంత్రాలయం తట్టు మడి, ఆచారం ఉన్న ఇంటి మనిషి. వాళ్ళ అమ్మ చూస్తే స్నానం చెయ్యమనేది. ఆ పిల్ల మనసులో ఏమీ లేదు, చలి వేసింది, టీ తాగింది. యేసేపు మాత్రం బజ్జీ కొరకడం మానేసినాడు. తియ్యటి మాట అయింది. గారూ అయింది. ఇప్పుడు మన గ్లాసులో టీ కూడా అయింది.

మూడో రోజు పొద్దున ఆదోనిలో బండి ఎక్కుతానే ప్రాణేశ్ అడిగినాడు, గువ్వలదిన్నె దారి తెలుసా అని. మీకెట్ల తెలుసు ఆ ఊరు అని ఎదురు అడిగినాడు యేసేపు. శ్రీరక్ష తండ్రి సేతుమాధవరావు మాస్టరు, ముప్పై ఏండ్ల కిందట ఆ ఊరి బళ్ళో తెలుగు చెప్పినాడంట. ఆ కొండ మీద ఆయన చూసినది ఒకటుందంట, అది ఇంకా ఉందో లేదో చూడాలంట. అదేమిటో మాత్రం చెప్పలేదు. ప్రాణేశ్ నోరు తెరవబోతే ఆమె మోకాలితో తట్టింది. అద్దంలో యేసేపు ఆ మోకాలిని చూసినాడు.

అది మా అక్క ఊరు అని అప్పుడే ఒక్క మాట అనుంటే ఈ కథే లేదు. అనలేదు. అంటే జాగ్రత్త పడతారు, అనకుంటే దొరుకుతారు అని ఆయన తెలివి.

గువ్వలదిన్నె కొండ కింద దారి ఆగిపోయే చోట సుగుణమ్మ కంది చేను. నెల్లాళ్ళుగా వాన లేదు, కాయ గలగలలాడతా ఉంది, ఇంకో వారంలో కోత. చేలో అక్క నిలబడి ఉంది. తమ్ముని బండి చూసి మొగమంతా నవ్వుతో చెయ్యి ఎత్తింది. యేసేపు వాళ్ళ వీపు వెనక నుంచి తల అడ్డంగా ఊపి, నోటి మీద వేలు పెట్టుకొని, కండ్లు పెద్దవి చేసినాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. వీనికి మళ్ళీ ఏదో పట్టుకుందిలే అనుకొని, ఎత్తిన చేతితో కొంగు సర్దుకోని, ముక్కూ మొగం తెలియనట్టు వంగి రాలిన కాయలు ఏరింది. మొగుడూ పెండ్లామూ గట్టు మీదుగా ఒక్క మొక్క తొక్కకుండా నడిచి కొండ ఎక్కినారు. మీరు బండి కాడే ఉండండి యేసేపుగారూ అని చెప్పి మరీ ఎక్కినారు.

మధ్యాహ్నం దాటింది. సాయంత్రం దిగి వచ్చినారు. మోచేతులు గీరుకుపోయినాయి, బట్టలంతా మట్టి, మొగాలు మాత్రం వెలిగిపోతాండాయి. సెల్లుకు సిగ్నలు దొరికే మలుపు కాడ బండి ఆపమని, శ్రీరక్ష దిగి పక్కకు పోయి తండ్రికి ఫోను చేసింది. యేసేపు టైరు చూసేవాని మాదిరి కిందికి దిగి చక్రం పక్కన కూర్చున్నాడు.

“రాయి దొరికింది నాన్నా,” అన్నది ఆమె. “మీరు చెప్పిన చోటే, కంది చేను పైన. జత ఉన్నాయి. మీరు కూడా ఎవరితో అనొద్దు, ఊళ్ళో తెలిస్తే బతకనియ్యరు. రేపు పొద్దున వచ్చి పని ముగించుకొని పోతాం.”

యేసేపుకు చెవుల్లో హోరు లేచింది. రాయి. అక్క చేను పైన. ఒకటి కాదు, జత. రేపు పొద్దున పని ముగించుకొని పోతారంట. ముప్పై ఆరేండ్ల కిందటి తెల్లబట్టల మనిషి మళ్ళీ బతికొచ్చి, ఈసారి చీర కట్టుకోని నిలబడినట్టు అనిపించింది. లేచి, చేతులు దులుపుకొని, తనకు తెలుసని వాళ్ళకు తెలిసేలా ఒక మాట వదిలినాడు.

“మేడం, మా తట్టు దొరికేవి బయట ఎంత పలుకుతాయో మాకూ తెలుసు,” అన్నాడు.

శ్రీరక్ష మొగం తెల్లగా పాలిపోయింది. ప్రాణేశ్ వైపు చూసింది. ఆ మాట ఇంకెక్కడా అనొద్దు, అట్లాంటి పని చేస్తే జైల్లో పెడతారు అని సన్నగా అన్నది. ఇంక అనుమానానికి చోటేముంది? బెదిరిస్తాంది కూడా అనుకున్నాడు యేసేపు. ఆదోని దాకా బండిలో ముగ్గురూ ఒకరినొకరు అద్దంలో చూసుకుంటా పోయినారు.

వాళ్ళను ఇంటి కాడ దింపి, పత్తి మార్కెట్టు పక్కన బండి ఆపి, యేసేపు శామ్యూల్‌కు ఫోను చేసినాడు. శామ్యూల్ పినతల్లి కొడుకు, గువ్వలదిన్నెలోనే ఉంటాడు, తుగ్గలికి ఆటో తోలుతాడు. లోకాన్నంతా జల్లెడ పట్టిన యేసేపు ఈ ఒక్కడిని పట్టలేదు. మనోడు కదా! నోట్లో నువ్వుగింజ నానని మనిషని ఊరంతా చెప్తుంది, కానీ ఊరు మాట యేసేపు ఎందుకు వింటాడు?

“రాయి సంగతి ఒకటుందప్పా, అక్క చేను పైన,” అన్నాడు. “రేపు పొద్దున ఎవరూ చేలోకి దిగకుండా కాపలా ఉండు. నేను లేటుగా తోలుకొస్తా. ఎవరితో అనాకు.”

నాలుగో రోజు అన్నంత పనీ చేసినాడు. దారిలో ఇంజను వేడెక్కిందని బండి ఆపి, బానెట్ లేపి, ఏమీ కాని ఇంజన్లో అరగంట తల దూర్చినాడు. ఇంకో చోట టైరు చూసినాడు. వెలుగు పోతుంది, వెలుగు పోతుంది అని ప్రాణేశ్ వెనక సీట్లో చేతులు నలుపుకుంటాండాడు. నలుపుకో అప్పా, నలుపుకో అని లోపల నవ్వుకున్నాడు యేసేపు.

గువ్వలదిన్నె దారి తిరిగేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. దారి పొడుగునా మోటారు సైకిళ్ళు. షేరు ఆటోలు. ఒక ట్రాక్టరు. కొండ కింద తిరునాళ్ళకు వచ్చినంత జనం, ఆడా మగా, చేతుల్లో పారలు, గడ్డపారలు, జల్లెళ్ళు. తొలకరిలో వెదికేవాళ్ళంతా ఈ ఎండు నేల మీద పడి తవ్వుతాండారు. కంది చేను యాడ? అక్కడ చేను లేదు. కట్టెలు విరిగి నేల మీద పడి ఉన్నాయి, కాయలు పగిలి గింజ మట్టిలో కలిసింది, మోకాలి లోతు గుంతలు. కొండ మీద కూడా మనుషులు, గుండ్ల కింద గడ్డపారలు దించి పెకిలిస్తాండారు.

శామ్యూల్ ఎదురొచ్చినాడు, అంగీ చిరిగి, చేతిలో విరిగిన కట్టె. ఒక్కడినే ఎట్ల కాపలా ఉంటానని తోడుకు బసవన్నను పిలిచినాడంట. బసవన్నకు ఒక్కడికే చెప్పినాడంట. బసవన్న ఇంకో ముగ్గురిని పిలిచినాడు, ఆ ముగ్గురికీ బామ్మర్దులున్నారు, బామ్మర్దులకు ఆటోలున్నాయి. నేను ఒక్కనికే చెప్పినా అన్నా అని మళ్ళీ మళ్ళీ అంటా ఏడ్చినాడు. కొట్టడానికి యేసేపుకు చెయ్యి లేవలేదు. తాను కూడా ఒక్కనికే చెప్పినాడు.

శ్రీరక్ష బండి దిగి కొండ వైపు పరిగెత్తింది. చాలాసేపటికి దిగి వచ్చింది, పిడికిలిలో కొంచెం తెల్లటి నూగు. యేసేపు ఎదురుగా నిలబడింది.

“గూబ సంగతి ఎవరికి చెప్పినారు మీరు?” అన్నది.

“ఏం గూబ?” అన్నాడు.

అప్పుడు ప్రాణేశ్ కెమెరా వెనక తెరలో చూపించినాడు. పడుకున్న ఎద్దు మాదిరి ఉన్న పెద్ద గుండు, దాని కింద నీడలో బేసిన్లంత కండ్లేసుకొని కొండగూబ, దాని రెక్క పక్కన తెల్లటి దూది ఉండల్లాగా రెండు పిల్లలు. జత. ఇప్పుడు ఆ గుండు కింద మిగిలింది శ్రీరక్ష పిడికిట్లో నూగే. ముప్పై ఏండ్ల కిందట మాస్టరు ఈ రాయి కిందనే గూబ గూడు చూసినాడంట. అందుకే రాయి దొరికింది అన్నది. బడిపంతులు ఇంట్లో పుట్టిన పిల్ల, గుండును రాయి అంటుంది. గూబ కనబడితే అపశకునమని రాళ్ళేసి కొడతారు, లేకుంటే మంత్రగాళ్ళకు పట్టి అమ్ముతారు, అందుకని ఎవరికీ చెప్పొద్దనింది. బయట ఎంత పలుకుతాయో మాకూ తెలుసు అని యేసేపు అన్నప్పుడు, ఈ మనిషి గూబల్ని పట్టి అమ్మేవాళ్ళలో ఒకడని ఆమె గట్టిగా నమ్మింది. బండి మారుద్దామని మొగుడూ పెండ్లామూ రాత్రంతా వాదించుకున్నారంట.

ఆ పక్కన నిన్న సాయంత్రం తీసిన ఫొటో ఇంకొకటి ఉంది. గుండు మీద నుంచి కిందికి తీసింది. ఎండలో బంగారు రంగు కంది చేను, గట్టు నుంచి గట్టు దాకా నిండుగా, నడుమ చిన్నగా ఒక ఆడమనిషి. యేసేపు ఆ ఫొటో మీద వేలు పెట్టినాడు.

“మా అక్క,” అన్నాడు.

శ్రీరక్ష పిడికిలి తెరిచి నూగు వైపు చూసింది. ఆ మాట నిన్న చెప్పుంటే నేనూ అంతా చెప్పుండేదాన్ని కదా అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే కొంచెం నయంగా ఉండేది.

మధ్యాహ్నానికి జనానికి ఓపిక అయిపోయింది. రాయీ లేదు, గీయీ లేదు. చేతులు బొబ్బలెక్కినోళ్ళకు ఎవరో ఒకరు కావాల కదా తిట్టడానికి. ఎవడు కూసినాడు రాయి దొరికిందని, అని మొదలైంది. కెమెరాలోళ్ళే అంట అని ఒకడు, వాళ్ళ బండిలో ఉందంట అని ఇంకొకడు. పదిమంది బొలెరో చుట్టూ మూగినారు. ప్రాణేశ్ కెమెరాను గుండెకు అదుముకొని నిలబడినాడు. ఆ నిమిషంలో యేసేపు నోరు మూసుకొని ఉంటే సరిపోయేది. ఎవరూ ఆయన వైపు చూడలేదు. వాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ ఆయన నాలుగు రోజులుగా అడుగుతున్నవే. వాళ్ళ మొగాల్లో తన మొగం కనబడింది, సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

జనాన్ని తోసుకోని నడుమకు పోయినాడు. వీళ్ళకు రాయి సంగతే తెలియదు, వీళ్ళు పక్షి కోసం వచ్చినారు, లేనిపోనిది పుట్టించింది నేను అని గట్టిగా చెప్పినాడు. ఇద్దరు ముగ్గురు అంగీ పట్టుకున్నారు, ఒక దెబ్బ కూడా పడింది. పడనీ అనుకున్నాడు. పారలు భుజానేసుకొని తిట్టుకుంటా ఒక్కొక్కరే పోయినారు. శామ్యూల్‌ను తోడిచ్చి, వాని ఆటోలో మొగుడు పెండ్లాలను ఆదోనికి పంపించినాడు.

సుగుణమ్మ చేను నడుమ గుంత అంచున కూర్చొని ఉంది. జనం దగ్గర ఏం జరిగిందో ఆమె వినలేదు, విరిగిన కొమ్మలు ఒళ్ళో పెట్టుకొని కాయలు దూస్తా ఉంది. ఎవరురా ఇంత పని చేసింది అని తల ఎత్తకుండానే అడిగింది.

“అక్కా, నేనే,” అన్నాడు యేసేపు.

ఆమె తల ఎత్తి చూసి, ఆ దుఃఖంలో కూడా నవ్వింది. “నువ్వా? నీ నీడ నీ వెంట ఎందుకు వస్తాదని అడిగేవాడివి నువ్వు. నువ్వు పోయి ఊరికి చెప్తివా? ఎవరిని కాపాడతాండావురా?”

పుట్టి బుద్ధెరిగినాక యేసేపు మాటను ఎవరన్నా నమ్మకపోవడం అదే మొదలు. ఆమె కాళ్ళ కాడ మట్టిలో కూలబడినాడు. నాలుగు రోజుల సంగతి మొదటినుంచి చెప్పినాడు, మూత టీ, మోకాలు, ఫోను, శామ్యూల్, ఏదీ దాచలేదు. ఆమె ఇంకా నవ్వు మొగంతోనే వింటా ఉంది, పిల్లోడు కథ చెప్తాంటే విన్నట్టు.

“నమ్మక్కా,” అన్నాడు. ఆ మాట లోకమంతా ఆయనతో అన్నదే గానీ, ఆయన ఎవరితోనూ అనలేదు.

అప్పుడు ఆమె మొగంలో నవ్వు పోయింది. తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. పక్కనున్న గంప ఆయన ముందుకు జరిపింది.

“ఆ కొస నుంచి ఏరు,” అన్నది.

ఆ మిగిలిన పొద్దంతా యేసేపు నడుము వంచి, నేల చూస్తా, ఎర్రమట్టిలో కలిసిన గింజ గింజా ఏరినాడు. పుల్లన్న అచ్చం అట్లనే వంగి తిరిగేవాడని సుగుణమ్మ అనుకుంది గానీ పైకి అనలేదు. ఆలస్యంగా కబురు అంది వచ్చినోళ్ళు దారి మీద బండ్లు ఆపి, ఏమన్నా దొరికినాయా అన్నా అని అడిగినారు.

కందులు అన్నాడు యేసేపు.

ఒక్కరూ నమ్మలేదు.